రెండు వైపులూ కొలిచిన కోటు

టైలరమ్మ కంప్యూటర్‌ని చూసి నవ్వనివాళ్ళు ఆ వీధిలో లేరు. కీబోర్డే మొత్తం యంత్రమైన పాతకాలపు డబ్బా అది. తెర కావాలంటే పాత టీవీకి తగిలించాలి, ప్రోగ్రాం ఎక్కాలంటే టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ తిప్పాలి. అది ఎక్కుతూ కీచుమని గోల పెడుతుంటే ఆవిడ తాపీగా కాజాలు కుట్టుకునేది. ఒంటి కొలతలు ఇస్తే, కాగితం మీద ఎక్కడెక్కడ గుర్తులు పెట్టాలో అంకెల్లో చెప్పే ప్రోగ్రాం అది. స్వయంగా నేర్చుకుని రాసుకుంది. దాన్ని ఎవరైనా పారేయమంటే చాలు, ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ రోజు తమ్ముడు గోనెసంచీతో వచ్చాడు. అక్క కుట్టుపని చేసే దుకాణంలోనే అతను బట్టలు అమ్ముతాడు. కంప్యూటర్ ఉన్న మూల తన తానులకి కావాలట. సరిగ్గా అప్పుడే కోటు కుట్టించుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. వెన్ను ఒక పక్కకి వంగి, ఎడమ భుజం కిందికి దిగి ఉంది. సోమవారం ఉద్యోగంలో చేరాలి.

"అందరూ భుజంలో దూది పెట్టి రెండూ సమానంగా కనిపించేలా చేస్తామంటున్నారండీ," అంది. "నాకలా వద్దు. నేనెలా ఉన్నానో అలాగే కుట్టాలి."

"కుడతాను," అంది టైలరమ్మ.

తమ్ముడు నవ్వాడు. "అక్కా, నీ డబ్బా ఈ కోటు లెక్క తేలిస్తే ఇక్కడే ఉంచుకో. లేదంటే పాతసామాన్లవాడికి ఇచ్చేస్తా."

"సరే. అందాకా ఆ సంచీ మడిచి పెట్టుకో."

చిక్కేమిటంటే, ఆ ప్రోగ్రాం ఎప్పుడూ ఒంటిని ఒకవైపే అడిగేది. రెండోవైపూ అంతేనని సరిపెట్టుకునేది. ఇప్పుడు రెండు వైపుల కొలతలూ వేరువేరుగా ఇచ్చేసరికి, మెమరీ చాలదంటూ చేతులెత్తేసింది.

ప్రోగ్రాంలో తన గుర్తు కోసం రాసుకున్న మాటలన్నీ టైలరమ్మ తీసేసింది. చాలలేదు. పలకరింపు తీసేసింది. అదీ చాలలేదు. ఇక మిగిలింది మొదట్లో తెర మీద విచ్చుకునే పువ్వు. పోయిన భర్త సెలవులన్నీ ధారపోసి గీసిన పువ్వు అది. ఆవిడ చెయ్యి కాసేపు ఆగింది. ఆ తర్వాత అదీ తీసేసింది. అయినా డబ్బా అదే పాట పాడింది.

"దానికి వయసైపోయిందక్కా," అన్నాడు తమ్ముడు.

"నాకూ అయింది. నన్నూ సంచీలో వేస్తావా?"

ఒళ్ళు మండిపోతుంటే వచ్చి తన కత్తిరింపు బల్ల ముందు నిలబడింది. ఇరుకు బల్ల. దాని మీద ఏనాడూ రెండు ముక్కలు ఒకేసారి పరచలేదు. ఒకటి కత్తిరించి, చుట్టి పక్కన పెట్టాకే రెండోది. మరి ఆ డబ్బా నెత్తిన మాత్రం రెండు సగాలూ ఒకేసారి ఎందుకు పెట్టాలి?

ప్రోగ్రాం తిరగరాసింది. ముందు కుడివైపు లెక్క తేల్చాలి, తను కాగితం మీద గీసుకోగానే డబ్బా దాన్ని మరిచిపోవాలి. వీపు మధ్య రెండు ముక్కలూ కలిసే కుట్టు అంకెలు మాత్రం గుర్తుంచుకుని, ఖాళీ అయిన చోటే ఎడమవైపు లెక్క చేయాలి. ఈసారి డబ్బా కిక్కురుమనలేదు. పైగా చోటు మిగిలింది. పాత క్యాసెట్ వెతికి, అందులోని పువ్వుని చూసి మళ్ళీ రాసుకుంది టైలరమ్మ. అది తెర మీద విచ్చుకుంటుంటే ఆవిడ కళ్ళు చెమర్చాయి.

శనివారం ఆ అమ్మాయి కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. బట్ట ఎక్కడా ముడత పడలేదు.

"భుజం దిగే కనిపిస్తోంది," అంది మెల్లగా.

"దిగింది కాబట్టి. కోటు కూడా అక్కడిదాకా వచ్చింది చూడు."

అమ్మాయి అటూ ఇటూ తిరిగి చూసుకుంది. తల పైకెత్తింది. "ఇంటికి కూడా ఇలాగే వెళ్తానండీ," అని తను వేసుకొచ్చిన పాత కోటు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

టైలరమ్మ కొలత టేపు తీసి, తమ్ముడితో "ఇలా రా, నిలబడు," అంది. ఒక భుజం కొలిచింది. రెండోదీ కొలిచింది.

"నీకూ కుడిది దిగిందిరా. ఇన్నాళ్ళూ ఒకవైపే చూసి కుట్టాను."

తమ్ముడు అద్దంలో చూసుకుంటూ చొక్కా సర్దుకున్నాడు. "అందుకేనా చొక్కా ఎప్పుడూ ఇటు జారేది? మరి నాకూ రెండు వైపులూ కొలిచి..."

"కుడతాను. ముందు ఆ సంచీ బయట పెట్టి రా."