గడప లేని గది

మా మేనకోడలు హరిణి బుధవారం సాయంత్రం ఫోను చేసింది.

"అత్తా, ఆడ వట్టివేళ్ల తడిక దొరుకుతుందా? శుక్రవారం పదకొండుకి నా చేతిలో ఉండాల. నువ్వే తేవాల."

హరిణి చెన్నై తొండియార్‌పేటలో తొమ్మిదో తరగతి చదువుతోంది. వాళ్ల బడికి వారానికోసారి ఒక ఆర్కిటెక్టు మేడం వచ్చి కట్టడాల సంగతులు నేర్పుతుంది. ఈసారి ఆమె పిల్లల్ని మూడు జట్లు చేసి, వెదుళ్లు, అట్టలు, గుడ్డలతో జట్టుకొక గది కట్టమంది. లోపలికి వచ్చినవాళ్లకు పవిత్రమైన చోటికి వచ్చామనిపించాలట. అయితే ఏ మతానికి చెందిన బొమ్మా గుర్తూ ఉండకూడదు. ఉంటే ఆ గది పోటీలో లేనట్టే. చెప్పులు విప్పమని బోర్డు కూడా పెట్టకూడదు. చూడవచ్చిన పెద్దలు తమంతట తాము ఏం చేస్తారో ఆమె దూరంగా నిలబడి గమనిస్తుంది. నెగ్గిన గదిని బడి ఆవరణలో ఇటుకలతో నిజంగానే కడతారు. ఆ మాట విన్నప్పటి నుంచి హరిణికి తిండి లేదు, నిద్ర లేదు.

తొండియార్‌పేట నా పుట్టిల్లు, నెల్లూరు మెట్టినిల్లు. శుక్రవారం ఉదయం ఆరుంపావుకు నెల్లూరులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. జనరల్ పెట్టె, కిటికీ పక్కన సీటు దొరికింది. మనిషంత పొడవున్న తడికను పాత పంచెలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. గూడూరులో కొన్న ఇడ్లీ చల్లగా ఉన్నా ఆకలికి బాగానే అనిపించింది. నాయుడుపేటలో ఎక్కిన ఒక పెద్దాయన ఆ తడిక చుట్టను చూసి ముఖం చిట్లించాడు.

"ఏందమ్మా అది, పాడె మాదిరుండాది?"

"గుడి సామాను," అన్నాను చిరాగ్గా.

ఆయన గబుక్కున కాళ్లు పైకి ముడుచుకున్నాడు. చెన్నై దాకా కింద పెట్టలేదు పాపం.

నా దారినే వెళ్లేవాళ్లకు ఒక మాట. తొండియార్‌పేటలో ఎక్స్‌ప్రెస్ ఆగదు. సూళ్లూరుపేటలో దిగి లోకల్ పట్టుకోండి. నేను మాత్రం అతితెలివికి పోయి, సెంట్రల్ దాకా వెళ్లి వెనక్కి రావచ్చనుకున్నాను. బండి తొండియార్‌పేట దాటి కొరుక్కుపేట దగ్గర సిగ్నలు లేక నిలబడిపోయింది. తొమ్మిదిన్నర దాటింది. బడి వెనకాలే ఉంది, నేనేమో ముందుకు పోతున్నాను. అప్పుడే ఫోను మోగింది.

"అత్తా, సీక్రం రా! అవ్వ మా గదికి పసుపు కుంకం పెట్టేసింది!"

ఇంకేముంది, ఆ గది పోటీలో లేనట్టే. పిల్లలు తమ గదికి మా పాత పప్పుల మండీలోని టేకు గడపను తెచ్చి పెట్టుకున్నారు. మండీ మూసేదాకా ప్రతి శుక్రవారం ఆ గడపకు పసుపు రాసింది మా అమ్మే. ఆ రోజు మనవరాలి పనితనం చూద్దామని వెళ్లిందట. ఎదురుగా అదే గడప, అదే శుక్రవారం. ఇంక చెయ్యి ఊరుకుంటుందా?

లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. కిందికి చూస్తుంటే పెద్దాయన కొంగు పట్టుకున్నంత పని చేశాడు.

"దిగబాకమ్మా! పక్క లైన్లో ఏ బండి వస్తాదో ఏమో. గుడి పని గదా, ఆగుద్దిలే."

ఆగదని ఆయనకెలా చెప్పను? వెనక్కి వచ్చి కూర్చున్నాను.

సెంట్రల్ చేరేసరికి పదీ పది. మెట్రో ఉంది గానీ, ఈ చుట్టతో ఎక్కడానికి నాకే ధైర్యం చాలక ఆటో మాట్లాడుకున్నాను. హార్బరుకు పోయే కంటైనర్ లారీల వెనక ఆటో నత్తనడక నడిచింది. తడిస్తేనే వట్టివేరు వాసన వేస్తుంది కాబట్టి, సీసాలో నీళ్లు ఆటోలోనే తడిక మీద పోశాను.

"అమ్మా, తణ్ణి సీటంతా పోతా ఉండాది!" అని డ్రైవరు అరిచాడు.

"తుడుస్తాలే నాయనా, నువ్వు ముందు చూసి పోనీ," అన్నాను.

బడి చేరేసరికి పదకొండుకు పది నిమిషాలుంది. గది ముందు హరిణి ఏడుపు ముఖంతో నిలబడి ఉంది. ఆమె స్నేహితురాలి చేతిలో తడిగుడ్డ. వాళ్లకు అడ్డంగా మా అమ్మ.

"శుక్రవారం పూట బోసి గడపను చూసి ఎట్ల పోయేది? పూసినా. ఇప్పుడు తుడస్తారంట! కుంకం తుడిచేది ఏ ఇంటి ఆచారమే?"

నేను నోరు తెరిచేలోగా హరిణి తడిగుడ్డను లాక్కుని పక్కన పడేసింది.

"తుడవం అవ్వా. గడపే తీసేస్తాం."

ఇద్దరూ గడపను ఎత్తి పక్కనున్న బెంచీ మీద పెట్టారు. అమ్మ విసురుగా వెళ్లి దాని పక్కనే కూర్చుంది. "అది లేకుంటే ఎవరు ఆగుతారు?" అని స్నేహితురాలు గొణిగింది. హరిణి అప్పటికే తడిక చుట్ట విప్పుతోంది. వాకిలికి తడికను కట్టి, వంగితేనే లోపలికి పోయేలా కిందికి దించి, బిందెడు నీళ్లు చల్లాం. గంట కొట్టారు.

మొదట వచ్చిన పెద్దమనిషి ఫోనులో మాట్లాడుతూ, తడికను చేత్తో తోసి, బూట్లతోనే లోపలికి నడిచాడు. హరిణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగుతున్నా నేను విడిపించుకోలేదు. దూరంగా మేడం కదలకుండా చూస్తోంది.

తర్వాత మా అమ్మ లేచింది. కోపంగానే వచ్చింది. తడిక ముందుకొచ్చి ఆగింది. ఆ చల్లని వాసనకో ఏమో, భుజాలు జారాయి. చెప్పులు విడిచింది. వంగి, గడప తీసేసిన చోట వట్టి మన్నును వేళ్లతో తాకి కళ్లకద్దుకుని, లేని గడపను తొక్కకుండా కాలెత్తి లోపల పెట్టింది. వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే చెప్పులు విడిచారు. ఫోను పెద్దమనిషి బయటికి వచ్చి, ఆ వరస చూసి, తన బూట్లను చూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది.

మధ్యాహ్నం అమ్మ చేతి వత్తకొళంబు పులుసుతో అన్నం తిని, బుద్ధి తెచ్చుకుని తొండియార్‌పేటలోనే సూళ్లూరుపేట లోకల్ ఎక్కాను. నా చీరంతా వట్టివేరు వాసన. చాలా గుళ్లకు టికెట్లు కొనుక్కుని వెళ్లాను, క్యూలో తోసుకున్నాను, వచ్చాను. ఇంత భయంగా, ఇంత ఆశగా ఏ వాకిలి ముందూ నిలబడలేదు. పొన్నేరిలో ఫోను వచ్చింది.

"మనదే అత్తా! ఇటుకలతో కడతారంట! అయితే ఇట్లనే కట్టాల, గడప వద్దని చెప్పేసింది మేడం."

"మరి అవ్వ ఏమంది?" అని భయంగా అడిగాను.

అమ్మ ఫోను అందుకుంది.

"గడప లేకుంటే ఏమే? అది ఏడ ఉండాలో నాకు తెలీదా?"