అసర్ దాకా ఆగిన ప్రయాణం

రెండేళ్ళ క్రితం వేసవిలో ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఆసుపత్రి ఆయా సుశీలమ్మ. "రూతక్కా, మన్నాఏఖేళ్ళి కాడ బండి మీదికెల్లి పడి సూడాన్ పిలగాడు పోయిండు. మార్చురీకి తెస్తున్నరు." అతని పేరు ఇద్రీస్. బీదర్‌లో ఫార్మసీ చదువుతున్నాడు.

బడికి పోకుండా నాన్న దగ్గరే చదువుకున్న నాకు ఆ మార్చురీలో గుమాస్తా పని దొరకడం దేవుని దయ. మృతదేహాలను అప్పగించేది నేనే. విదేశీయుడు చనిపోతే అతని రాయబార కార్యాలయానికి ఆలస్యం లేకుండా తెలపాలన్నది దేశాల మధ్య ఒప్పందం. వాళ్ళ ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, వచ్చేదాకా అప్పగించకూడదన్నది మా పద్ధతి.

పోస్టుమార్టం అయ్యేసరికి మసీదు పెద్ద ఖాదర్ మామ వచ్చాడు. ఎవరూ లేనివాళ్ళను సొంత బిడ్డల్లా సాగనంపే మనిషి.

"బేటీ, మయ్యత్‌ను ఆపొద్దు. పోయినోన్ని జల్ది మట్టి చెయ్యాలె. గోరి తవ్వించిన. నీ కాయిదం కోసం పిలగాడు బరఫ్‌ల పండాల్నా?"

"కాయిదం నాది కాదు మామా, రెండు దేశాలది."

"ఆ దేశాలొచ్చి భుజం పడతయా?"

నేను రాయబార కార్యాలయానికి ఫోను చేశాను.

మర్నాడు పొద్దున ఎన్ఓసీ వచ్చింది. ఇక అప్పగించవచ్చు. అప్పుడే ఇద్రీస్ స్నేహితుడు, అదే దేశం నుంచి వచ్చిన యూసుఫ్ అసలు సంగతి చెప్పాడు. యుద్ధం వల్ల ఇద్రీస్ తల్లి ఊరు విడిచి ఏదో శిబిరంలో ఉంది. ఫోను కలవడం లేదు. కొడుకు పోయిన సంగతే ఆమెకు తెలియదు.

ఆమె కోసం ఆగమని ఏ ఒప్పందమూ చెప్పదు. ఖాదర్ మామ ధర్మమేమో త్వరపడమంటుంది. సంతకం పెట్టబోయి ఆగాను.

"మామా, తల్లికి తెల్వకుంట ఎట్ల తీస్కపోతవు?"

ఆయన గడియారం చూసుకున్నాడు. "అసర్ నమాజ్ దాకా ఆగుత. అటెన్క నన్నడగకు." అసర్ అంటే సాయంత్రం ముందరి నమాజు.

మధ్యాహ్నం దాటాక ఫోను కలిసింది. యూసుఫ్ దాన్ని ఇద్రీస్ ముఖం ముందు పట్టుకున్నాడు. తెరమీద ఆమె ఏడుస్తూనే అరబ్బీలో ఒకే మాట పదేపదే అంటోంది. నిన్ను క్షమించాను, నీ మీద నాకే కోపమూ లేదు అంటోందని యూసుఫ్ వచ్చీరాని హిందీలో చెప్పాడు.

ఖాదర్ మామ గోడకు ఆనుకున్నాడు. "మా ఇండ్లల్ల గూడ గంతే బేటీ. తల్లి తన పాల రుణం మాఫ్ చేస్తెనే బిడ్డ నిమ్మళంగ పోతడు. నువ్వు ఆపకుంటె నిన్ననే తీస్కపోతుంటి."

అసర్ కాగానే మొదట భుజం పట్టింది ఆయనే.

ఆ కాగితం మమ్మల్ని ఒక రోజు ఆపింది. అందుకు కృతజ్ఞురాలిని. ఆ చివరి కాసిని గంటలు మాత్రం ఏ చట్టమూ అడిగినవి కావు, మేమే ఇచ్చినవి. ఇప్పుడు కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, సంతకానికి ముందు "ఇంట్ల అందరికి తెలుసా?" అని అడుగుతాను.

ఆ తల్లి పేరు హలీమా. ఇప్పుడెక్కడ ఉందో యూసుఫ్‌కు కూడా తెలియదు. మీరు ఏ దేవుని ముందు చేతులు జోడించినా, ఒక్కసారి ఆమెను తలచుకోండి.