వాలు మీద జారిన ట్రాక్టర్, మా పెద్దమ్మ కోపం

మా పెద్దమ్మకి నిజంగా కోపం రావడం నేను మొదటిసారి చూసింది నా చిన్నప్పుడు, చాట్రాయి దగ్గర మా తాతయ్య మామిడితోటలో. అంతకుముందు ఆవిడ విసుక్కోవడం చూశాను, గదమాయించడం చూశాను. మైలవరంలో లెక్కల టీచరు కాబట్టి ఆ రెండూ ఆవిడకి రోజూ ఉండేవే. ఆ రోజు చూసింది వేరు. ఇన్నేళ్ళ తర్వాత కూడా తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

తోటంతా వాలు మీద ఉండేది. పైన రోడ్డు పక్కన కాయలు పోసే పాక, కింద రాళ్ళు తేలిన వాగు. మా అమ్మకీ పెద్దమ్మకీ ఒక్కడే తమ్ముడు, మా మామయ్య. వాళ్ళమ్మ త్వరగా పోతే అతన్ని పెద్దమ్మే పెంచింది. తోట బాధ్యతంతా అతనిదే. చెట్ల మధ్య దున్నడానికి పెద్ద ట్రాక్టరైతే కొమ్మలు అడ్డం వస్తాయని ఒక చిన్న ట్రాక్టర్‌ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. దాన్ని చూసుకుని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం.

ఆ వేసవికి అది మొరాయించడం మొదలుపెట్టింది. చదును నేల మీద బాగానే నడిచేది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఇంజను గొంతు చించుకునేది, చక్రాలు కదిలేవి కావు. నూజివీడు నుంచి వచ్చిన మెకానిక్ చూసి క్లచ్ ప్లేటు అరిగిపోయిందన్నాడు. వెనక చక్రాలకి చెరొకటిగా ఉండే రెండు బ్రేకు పెడళ్ళనీ కలిపి ఉంచే గొళ్ళెం కూడా విరిగిపోయిందనీ, ఆ రెండూ బాగుచేయించేదాకా బండిని వాలు ఎక్కించవద్దనీ మరీ మరీ చెప్పాడు. మేమంతా అక్కడే ఉన్నాం. “కోతలు అవనివ్వండి, చూద్దాం” అన్నాడు మామయ్య.

ఆ రోజు చిన్నరసాల కోత. వర్తకుడి లారీ పొద్దున్నే వచ్చి పాక దగ్గర నిలబడింది. డ్రైవర్ ఊరికే హారన్ కొడుతున్నాడు. కింది చెట్ల కాయలు గంపలకెత్తి ట్రాక్టర్ వెనక ట్రక్కులో పెట్టారు. గంపల మధ్య సందుల్లో కోత కూలీకి వచ్చిన ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ నేనూ ఎక్కాను.

సగం వాలు ఎక్కేసరికి ఇంజను భయంకరంగా రొద పెట్టింది. ట్రాక్టర్ మాత్రం నిలబడిపోయింది. ఏదో మాడుతున్న వాసన వచ్చింది. ఆ తర్వాత బండి మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి జారడం మొదలైంది. మామయ్య బ్రేకు తొక్కాడు. ఒకవైపు చక్రం పట్టింది, రెండోది పట్టలేదు. ట్రాక్టర్ అడ్డంగా తిరిగింది, ట్రక్కు ఒక పక్కకి ఒరిగింది. నా పక్కన కూర్చున్నావిడ నన్ను రెండు చేతులా ఎత్తి గడ్డిలోకి విసిరి, వెనకే తనూ దూకింది. మిగిలినవాళ్ళు ఎలా దూకారో నేను చూడలేదు, కేకలు మాత్రం విన్నాను. ట్రక్కు వెళ్ళి ఒక మామిడిచెట్టు మొదలుకి గుద్దుకుని ఆగింది. ఆ చెట్టు అక్కడ లేకపోతే వాగులో రాళ్ళ మీద ఏం జరిగేదో ఊహించుకోవడం నాకిప్పటికీ ఇష్టం లేదు. గంపలు తిరగబడి, కాయలు ఎర్రమట్టిలో దొర్లుకుంటూ వాగు దాకా పోయాయి.

ఎవరికీ ఎముకలు విరగలేదు. నన్ను విసిరినావిడ మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. మామయ్య దిగాడు. మొహం పాలిపోయి ఉంది. అయినా నవ్వాడు. “ఏం కాలేదుగా! ఎందుకంత గోల?” అన్నాడు. చక్రాల వెనక రాళ్ళు పెట్టించాడు. పైనుంచి లారీ హారన్ మళ్ళీ మోగింది. “కాయలు ఏరి త్వరగా ఎక్కండి, లారీ వెళ్ళిపోతుంది. ఈసారి నిదానంగా పోనిస్తాలే” అని, నా వైపు తిరిగి, “నువ్వు నడిచి రా తల్లీ” అన్నాడు.

అప్పటికే పైనుంచి అంతా చూసిన పెద్దమ్మ, పాక దగ్గర నుంచి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆ చివరి మాట విని ఆగిపోయింది. నన్ను తడిమి చూసింది. నన్ను విసిరినావిడ మోకాలి వైపు చూసింది.

“దాన్నెందుకు నడిచి రమ్మన్నావురా?”

“చిన్నపిల్ల కదక్కా. మళ్ళీ జారితే...” అని నాలిక కరుచుకున్నాడు మామయ్య.

“చెప్పు. జారితే?”

మామయ్య పైన లారీ వైపు చూశాడు.

“అంటే జారుతుందని నీకు తెలుసు. తెలిసే వీళ్ళని ఎక్కమంటున్నావు. మన పిల్లకైతే కాళ్ళున్నాయి, నడిచొస్తుంది. వీళ్ళకి లేవా? ఈవిడ గడ్డిలోకి విసరకపోతే ఇవాళ నువ్వు దీన్ని ఏ మొహంతో ఇంటికి తెచ్చేవాడివి?”

అలా అంటూనే పెద్దమ్మ ట్రక్కు ఎక్కి గంపల మధ్య కూర్చుంది. మట్టి కొట్టుకుపోయిన ట్రక్కులో, ఇస్త్రీ చీరతో. “ఊఁ, నడుపు. ఏం కాదన్నావుగా. నడుపు!” ఆ అరుపుకి పైన హారన్ కూడా ఆగిపోయింది. మామయ్య సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఎక్కలేకపోయాడు. పెంచిన అక్కని కూర్చోబెట్టుకుని ఆ వాలు ఎక్కించడానికి అతనికి చేతులు రాలేదు.

పక్క తోటవాళ్ళ ఎడ్లబండి తెప్పించి కాయలు పైకి చేర్చాం. సాయంత్రమైంది. లారీ అప్పటికే సగం లోడుతో వెళ్ళిపోయింది. ఆ మోకాలికి పెద్దమ్మే కట్టు కట్టింది. కడుతున్నంతసేపూ మామయ్యని తిడుతూనే ఉంది.

అన్నాల దగ్గర మా అమ్మ మెల్లగా, “కూలీలందరి ముందూ తమ్ముణ్ణి అలా అనాల్సింది కాదక్కా, ఎవరికీ ఏమీ కాలేదు కదా” అంది.

“ఏమీ కాలేదు కాబట్టే అరిచానే. అయ్యుంటే అరవడానికేముంది, అందరం కూర్చుని ఏడవడమేగా” అంది పెద్దమ్మ. కంచంలో అన్నం అలాగే ఉంది.

మామయ్య అలిగి బాపులపాడులో అత్తారింటికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక ట్రాక్టర్ బాగు చేయించాడు. మళ్ళీ ఎప్పుడూ ట్రక్కులో మనిషిని ఎక్కించి ఆ వాలు మీద నడపలేదు. కానీ అక్కతో మునుపటిలా మాట్లాడనూ లేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే “బాగున్నావా” అంటే “బాగున్నా”, అంతే. ఆవిడ దానికి లోలోపల ఎంత బాధపడిందో నాకు తెలుసు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. కోపం మంచిది కాదని నాకు చాలామంది చెప్పారు. ఎవరి కోసం కోప్పడుతున్నామో చూడమని నేర్పింది మాత్రం ఆవిడొక్కతే.

మొన్న వేసవిలో మామయ్య మనవడు అదే తోటకి కొత్త మినీ ట్రాక్టర్ తెచ్చాడు. మోజు కొద్దీ ట్రక్కులో కూలీలను ఎక్కించుకుని పైకి బయల్దేరబోతుంటే గేటు దగ్గర నుంచే అరిచాను. కూలీలు దిగేదాకా అరిచాను. వాడు చిన్నబుచ్చుకున్నాడు. “ఎందుకు పెద్దమ్మా అంత కోపం, బీపీ పెరుగుతుంది” అన్నాడు. వరసకి నేను వాడికి పెద్దమ్మనే. బీపీ పెరిగిన మాట నిజమే, ఆ సాయంత్రం చూపించుకున్నాను కూడా. వాడు నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు. మాట్లాడకపోయినా ఫరవాలేదు. వాళ్ళంతా నడిచే పైకి వచ్చారు.