డిగ్రీల మామయ్య ఆడిన అబద్ధం

డిగ్రీల మామయ్య అంటే పెద్ద చదువులవాడు కాబోలనుకునేరు. అబ్బే! ఆయన డిగ్రీలన్నీ థర్మామీటర్లోనే ఉన్నాయి. కొవ్వొత్తులు పోసే ఆ మనిషి ముందు కరగడం, గడ్డకట్టడం, ఆవిరవడం అన్న మాటలు ఎవరైనా నోరు జారారో, అయిపోయారన్నమాటే.

"నిన్నటి సినిమా చూసి గుండె కరిగిపోయిందన్నయ్యా" అంది ఓసారి పక్కింటావిడ.

"ఎన్ని డిగ్రీల దగ్గర?" అన్నాడు. ఆవిడ మళ్ళీ సినిమా ఊసెత్తితే ఒట్టు.

ఉద్యోగం మీద ఆశలు ఆవిరైపోయాయని అల్లుడు వాపోతే, "మూత పెట్టుకోలేదా? చల్లటి మూత తగిలితే ఆవిరి మళ్ళీ నీళ్ళై దిగుతుంది కదయ్యా!" అన్నాడు. అల్లుడు కాఫీ ముట్టకుండా లేచిపోయాడు. "ఈ మనిషితో వేగలేక చస్తున్నా" అని అత్తయ్య నెత్తి కొట్టుకుంటే, "వేగాలంటే నూట ఎనభై ఉండాలే" అని సర్దిచెప్పాడు.

షెడ్డులో ఆయన దగ్గరే పనిచేసే మేనకోడలికి మాత్రం మామయ్యంటే ప్రాణం. పీక మీద కత్తి పెట్టినా ఒక్క డిగ్రీ అటూ ఇటూ చెప్పని మనిషి ఇంకెక్కడున్నాడని ఆమె మురిసిపోయేది. అలాంటివాడు ఓ హోటలు ఆర్డరు మొత్తం ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నిలబెట్టావంటే ఇకమీదట మేస్త్రివి నువ్వే" అన్నాడు. మేనకోడలు గనక ఇచ్చాడని పనివాళ్ళు అప్పటికే గుసగుసలు.

కంగారులో ఆమె తప్పు చేసింది. అచ్చుల్లో మైనాన్ని పైపైన వేలితో నొక్కి చూసి, గట్టిపడిందనుకుని లాగేసింది. లోపలింకా మెత్తమెత్తగానే ఉంది! బల్ల మీద నిలబెట్టిన కొవ్వొత్తులన్నీ చీవాట్లు తిన్న పిల్లల్లా తలలు వంచేశాయి. సరిగ్గా అప్పుడే హోటలు మేనేజరమ్మ దిగింది.

"ఇవేం కొవ్వొత్తులండీ? ఎవరు చేశారు?"

పనివాళ్ళ చూపులన్నీ మేనకోడలి మీదే. ఆమెకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

మామయ్య ముందుకొచ్చాడు. "అమ్మాయి తప్పేం లేదండీ. నా థర్మామీటరు చెడింది. ఐదు డిగ్రీలు తేడా చూపిస్తోంది."

షెడ్డంతా నోరు తెరిచింది.

"మైనానికి పగలూ పంతాలూ ఉండవు తల్లీ," అన్నాడు మేనేజరమ్మతో. " కరిగించి మళ్ళీ పోస్తే ఈ వంకర దానికి గుర్తే ఉండదు. సాయంత్రానికి మా అమ్మాయే పోసిస్తుంది."

పోసింది. ఈసారి లోపలిదాకా గట్టిపడేవరకూ ఓపిక పట్టింది. కొవ్వొత్తులు నిటారుగా నిలబడ్డాయి. సంబరపడిపోయిన మేనేజరమ్మ మర్నాడు మామయ్యకి సరికొత్త థర్మామీటరు కానుకగా పంపింది.

అందరూ భోజనాలకెళ్ళాక, మరిచిపోయిన క్యారేజీ కోసం వెనక్కొచ్చిన మేనకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. మామయ్య పాత థర్మామీటరుని చొక్కా అంచుతో తుడుస్తూ బతిమాలుతున్నాడు. "ఏమనుకోకురా. పదిమందిలో నీ పరువు తీశాను. పిల్ల పరువు ముందు నీదెంత చెప్పు?"

ఆమెకి కళ్ళు చెమర్చాయి. పోయి కాళ్ళ మీద పడదామనుకుంది కూడా. అంతలో ఆయన పాతదీ కొత్తదీ కలిపి, అప్పుడే గడ్డకడుతున్న మైనం డేగిశాలో ముంచాడు. చూశాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు.

"ఓరి నీ! మైనం గడ్డకట్టే డిగ్రీ నాకు తెలీదా! తప్పు చూపించేది కొత్తదే!" అని ఒక్క కేక పెట్టి, అది ఎవరికీ చెప్పుకునే దారి లేదని అప్పుడు తట్టి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.