పక్క తలుపు ఎంత దూరం

నా చిన్నప్పుడు మా ఇళ్ళల్లో చావు కబురు ఎప్పుడూ ఒక్కసారిగా వచ్చేది కాదు. ముందు "ఒంట్లో బాగాలేదట" అనేవారు. తర్వాత "సీరియస్‌గా ఉందట, బయల్దేరండి" అనేవారు. బస్సు దిగి, వీధిలో జనాన్ని చూశాక గానీ మనిషి లేడన్న సంగతి తెలిసేది కాదు. మా ఒంగోలు వైపు దీన్ని అబద్ధం అనరు, జాగ్రత్త అంటారు. విన్నవాళ్ళు కూలబడితే పట్టుకోవడానికి పదిమంది ఉండాలి కదా, అందుకు. ఆ పద్ధతి తప్పని నేను ఇప్పటికీ అనను. సింగపూర్‌లో మా నాన్న దాన్ని పాటించబోతే ఏమైందో మాత్రం చెప్పగలను.

అవి కంప్యూటర్లు నేర్చినవాళ్ళందరికీ విమానం టిక్కెట్లు దొరుకుతున్న రోజులు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని భయపడి, కంపెనీలు మావాళ్ళని ఎగబడి పిలిపించుకున్నాయి. నాన్న సైన్స్ పార్క్‌లో ఉద్యోగం చేసేవాడు. యీషున్‌లో ఏడో అంతస్తులో మా అద్దె ఫ్లాటు. నాకు తొమ్మిదేళ్ళు. మాకు తెలిసిన తెలుగువాళ్ళు నాలుగైదు కుటుంబాలు, అందరూ ఊరికి ఆ చివర సెరంగూన్‌లో ఉండేవారు. ఆదివారం వస్తే కలిసేవాళ్ళం, లేకపోతే లేదు. అమ్మకు ఇంగ్లీషు అంతంతమాత్రం. లిఫ్టులో ఎవరైనా పలకరించినా నావైపు చూసేది, నేనే జవాబు చెప్పాలి. అప్పట్లో అది నాకు పెద్ద హోదా.

శ్రావణమాసం. ఆ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. బుధవారం మధ్యాహ్నం నేను బడి నుంచి వస్తుంటే, మా బ్లాక్ కింద పబ్లిక్ ఫోను దగ్గర నాన్న కనిపించాడు. ఆ వేళకి ఆఫీసులో ఉండాల్సిన మనిషి. రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని, రెండో చేత్తో కళ్ళు మూసుకుని ఏడుస్తున్నాడు. "దానికి ఇప్పుడే చెప్పను బావా, ఇక్కడ మనవాళ్ళెవరూ లేరు" అంటున్నాడు. అవతల ఉన్నది మా మేనమామ. పొద్దున్న మా అమ్మమ్మ పోయింది. సాయంత్రానికల్లా దహనం చేసేస్తున్నారు.

నన్ను చూసి నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. "ఆదివారం సెరంగూన్ వాళ్ళంతా వస్తారు. అప్పుడు నేనే చెప్తా. అప్పటిదాకా నువ్వు నోరు మెదపకూడదు" అన్నాడు. మరి శుక్రవారం వ్రతమో అన్నాను. పెళ్ళయిన కూతురికి మూడు రోజుల మైల అని నాకూ తెలుసు, ఇంట్లో పెద్దవాళ్ళ మాటలు వింటూ పెరిగినదాన్ని. నాన్న నా జుట్టు సవరించి, ఏదోటి చెప్పి ఆపుతాలే అన్నాడు. ఏం ఆపలేదు. అమ్మ ముందు నిలబడి అబద్ధమాడే ధైర్యం ఆయనకు ఏనాడూ లేదు. తప్పుకు తిరగడం ఒక్కటే చేతనయ్యేది.

గురువారమంతా అమ్మ హుషారుగా ఉంది. కలశం చెంబు చింతపండుతో మెరిసేలా తోమింది. శనగలు నానబోసింది. తోరాలకు దారం పసుపులో ముంచి, తొమ్మిది ముళ్ళు నన్నే లెక్కపెట్టమంది. "మా అమ్మ ఇంకా బాగా వేస్తుందే ముళ్ళు, చూశావుగా" అంది. నేను తల దించుకుని లెక్కపెట్టాను. ఆరు దగ్గర తప్పాను. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.

నాలుగింటికి నన్ను పక్కింటికి పంపింది. రేపు సాయంత్రం తాంబూలానికి రమ్మని పిలవాలి. పక్కింట్లో ఉండేది ఒక మలయ్ పెద్దావిడ. మక్‌చిక్ అని పిలిచేదాన్ని, వాళ్ళ భాషలో అది పిన్ని లాంటి పిలుపు. ఆవిడ రోజూ ఆ వేళకి వరండాలో చాప వేసుకుని, పెసర మొలకలు బేసిన్‌లో పోసుకుని, ఒక్కొక్కదాని తోక తుంచుతూ కూర్చునేది. ఒక్కోసారి అమ్మ కూడా వెళ్ళి ఎదురుగా కూర్చుని తుంచేది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా గంటలు గంటలు ఎలా గడిపేవారో ఆ దేవుడికే తెలియాలి.

పిలుపు చెప్పడానికి నోరు తెరిచాను. ఏడుపు వచ్చింది. ఆపుకోలేకపోయాను. మొత్తం చెప్పేశాను.

మక్‌చిక్ చేతిలో మొలక అలాగే ఉండిపోయింది. "హూ యువర్ ఫాదర్ వెయిట్ ఫర్?" అని అడిగింది. సెరంగూన్ నుంచి మావాళ్ళు రావాలి అన్నాను. ఆవిడ తన తలుపువంకా మా తలుపువంకా చూసింది. "సెరంగూన్ ఫార్. మై డోర్, హౌ ఫార్?" అంది. ఆ గొంతులో కోపం ఉంది. అది నామీద కాదని తెలుసుకునే వయసు కాదు నాది, బెదిరిపోయాను.

ఆరింటికి నాన్న లిఫ్టు దిగేసరికి మక్‌చిక్ అక్కడ నిలబడి ఉంది. పక్కన వరండా చివరింటి చైనా ముసలామె, పై అంతస్తు తమిళ ఆంటీ. మక్‌చిక్ నాన్నతో ఎక్కువ మాట్లాడలేదు. "నౌ యూ టెల్. వీ సిట్" అంది, అంతే. మలయ్‌వాళ్ళలో మనిషి పోతే ఆ రోజే మట్టి చేస్తారు, ఇరుగుపొరుగు పిలవకుండానే ఇంట్లోకి వచ్చేస్తారు. చైనావాళ్ళు శవాన్ని బ్లాక్ కిందే ఉంచి రోజుల తరబడి కూర్చుంటారు. ఎవరి తీరు వాళ్ళది. మనిషిని ఒంటరిగా ఏడవనివ్వడం మాత్రం ఆ ముగ్గురిలో ఎవరి ఇంటా లేదు. నాన్న ముగ్గురినీ చూసి చెప్పులు విప్పాడు.

చెప్పాడు. అమ్మ వెంటనే ఏడవలేదు. "ఎప్పుడు?" అని అడిగింది. నిన్న పొద్దున అన్నాడు నాన్న. విమానం ఎక్కినా అందేది కాదని, దహనం సాయంత్రమే అయిపోయిందని గబగబా చెప్పుకుపోయాడు. అమ్మ వినలేదు. తోమిన చెంబును, నానుతున్న శనగల గిన్నెను చూసింది. "అందకపోతేనేమండీ, నిన్నంతా ఏడ్చుకునేదాన్ని కదా. మా అమ్మ పోయినరోజు నేను పాట పాడుకుంటూ ఇల్లు తుడిచాను" అంది.

అమ్మ నావైపు తిరిగింది. "నీకూ తెలుసా?" అంది.

తల అడ్డంగా ఊపి, తెలియదమ్మా అన్నాను.

అప్పుడు ఏడ్చింది అమ్మ. మక్‌చిక్ వెళ్ళి వెనకనుంచి పట్టుకుంది. మా వైపైతే ఈపాటికి నలుగురూ "ఊరుకో తల్లీ, ఊరుకో" అనేవారు. ఆ ముగ్గురికీ ఆ మాట తెలుగులో రాదు, అందుకేనేమో అమ్మ కడుపారా ఏడ్చింది. తమిళ ఆంటీ మా పొయ్యి వెలిగించనివ్వలేదు, వాళ్ళింటినుంచి అన్నం తెచ్చింది. చైనా ముసలామె అమ్మ పాదాల దగ్గర రెండు గంటలు కూర్చుంది. శుక్రవారం వచ్చారు, శనివారం వచ్చారు. ఆదివారం సెరంగూన్ వాళ్ళు వచ్చేసరికి కూర్చోవడానికి చాప మీద చోటు లేదు.

తర్వాత చాలా రోజులు అమ్మ సరిగ్గా తినలేదు. నాన్న ఆఫీసువాళ్ళు ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపారు. మంచావిడే. అమ్మనొక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి, మీకెలా అనిపిస్తోందని నెమ్మదిగా, తేలిక ఇంగ్లీషులో అడిగిందట. అమ్మ బయటికొచ్చి, "నాకేమనిపిస్తోందో అడిగింది గానీ, మా అమ్మ ఎలాంటిదో అడగలేదే" అంది. మళ్ళీ వెళ్ళలేదు. సాయంత్రం వరండాలో కూర్చుని మొలకలు తుంచుతూ అమ్మమ్మ గురించి తెలుగులో చెప్పేది. మక్‌చిక్ మలయ్‌లో ఊ కొట్టేది. తనకు పోయినవాళ్ళ గురించి తనూ చెప్పుకునేదని నా అనుమానం.

నేను అబద్ధమాడానని మక్‌చిక్‌కు తెలుసు. ఆ సాయంత్రం మా అమ్మ అడిగిన ప్రశ్న భాష రాకపోయినా ఆవిడకు అర్థమైంది, నేను తల అడ్డంగా ఊపడం కళ్ళారా చూసింది. ఒక్కనాడూ దాని ఊసెత్తలేదు. నాకోసం దాచింది. ఆవిడ దాచిన ఆ ఒక్క సంగతే నాకు బరువైంది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లో పిల్లలందరికీ నేను ఆంటీని. ఎవరింట్లో చెడు కబురు వచ్చినా చెప్పడానికి నన్నే పిలుస్తారు. నేను ఆ పూటే చెప్తాను, ముందు పక్కింటి తలుపు కొట్టి వాళ్ళని వెంటబెట్టుకుని వెళ్తాను. మనవాళ్ళా కాదా అని చూడను. విన్నవాళ్ళు ఎప్పుడు తెలిసిందని అడిగితే, గంటతో సహా చెప్తాను. తిడితే పడతాను. మా అమ్మ పోయి మూడేళ్ళయింది. నాకూ తెలుసమ్మా అని ఆవిడకు ఒక్కదానికే చెప్పలేకపోయాను.