ఖాదర్ భాయ్ చూసుకున్న తలుపు

నిన్న సైట్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. ఖాదర్ భాయ్ పోయాడట. నిద్రలోనే, గుండె ఆగి.

నమ్మలేదు. మొన్న గురువారమే కదా నాతో అన్నది, "రంజాన్ అయినాక పంపిస్తామన్నారబ్బీ" అని!

మన గ్రూప్‌లో చాలామందికి ఆయన తెలియదు. రాయచోటి వడ్రంగి. షార్జాలో ఒక పాతకాలపు అరబ్ ఇంటిని చూసుకునేవాడు. పాత ఇళ్ల డ్రాయింగ్‌లు గీసే పని మీద ఆ వీధికి వెళ్లినప్పుడు నాకు పరిచయమయ్యాడు.

ఆ ఇల్లు మీరు చూడాలి.

నడుమ పైకప్పు లేని వాకిలి, పైన గాలిని కిందికి దింపే బురుజు, నిండా చెక్కుడు పనితో టేకు తలుపు. ఉప్పుగాలికి పక్క ఇళ్లన్నీ పెచ్చులూడుతుంటే ఇది మాత్రం నిన్న కట్టినట్టుండేది. తలుపు మీది ఇత్తడి బుడిపెలను మన ఇళ్లల్లో లాగా చింతపండుతో తోమేవాడు. విరిగిన చెక్క పువ్వుకు కొత్త రేక ఎక్కడ అతికాడో వేలు పెట్టి చూపించాడు. అయినా నాకు కనిపించలేదు!

ఆ పనితనమే ఆయన్ను అక్కడ కట్టేసింది.

పాస్‌పోర్ట్ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, బీరువాలో. కఫీల్ తల్లి, ఆ ఇంటి పెద్దావిడ, నిజానికి మంచిదే. సెలవు అడిగితే మాత్రం "నువ్వు పోతే నా ఇంటిని ఎవరు చూస్తారు ఖాదర్?" అని కళ్లనీళ్లు పెట్టుకునేది.

ఎండలు తగ్గాక. మనవరాలి పెళ్లయ్యాక. రంజాన్ అయ్యాక.

ఆయన ఇక్కడికి వచ్చేశాక ఊళ్లో కూతురు పుట్టింది. ఆ పిల్లకు నాన్నంటే ఫోన్ కార్డు అయిపోయేదాకా వినిపించే గొంతు, అంతే.

పోయినేడు నేనే ఐడియా ఇచ్చాను. "ఒక్క పని చెడగొట్టు భాయ్, వాళ్లే పంపించేస్తారు."

చాన్నాళ్లు మనసొప్పలేదు. చివరికి గుండె రాయి చేసుకుని ఆ తలుపు మడతబందులకు నూనె వేయడం మానేశాడు. తలుపు కిర్రుమనడం మొదలుపెట్టింది.

పెద్దావిడ గబగబా వచ్చింది. నిలబడి విన్నది. ఏడ్చేసింది.

"మా నాన్న ఉన్నప్పుడు ఇలాగే మోగేది. ఆ చప్పుడు కూడా తెచ్చిచ్చావా ఖాదర్!"

ఆ రోజు ఆయనకు స్పెషల్‌గా మటన్ వండించి పెట్టారు. సెలవు ఇవ్వలేదు.

ఇది చెబుతూ పడీపడీ నవ్వాడు. "సెడగొట్టే పని గూడా సక్కంగా సేస్తి గదబ్బీ. ఇంగ నన్నెవురు ఇడుస్తారు?" నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అంత ఇష్టపడిన ఆ ఇల్లంటే ఆ రోజు నుంచి నాకు పడదు.

నిన్న అక్కడికి వెళ్లాను.

రెండు రెక్కలూ తెరిచి ఆయన్ను బయటికి తెచ్చారు. తలుపు కిర్రుమంది. పెద్దావిడ మెట్ల మీద కూలబడి ఏడుస్తోంది. ఆవిణ్ణి తిట్టుకుందామన్నా నాకు చేతకాలేదు.

కఫీల్ బీరువా తెరిచి పాస్‌పోర్ట్ నా చేతిలో పెట్టాడు. అడగకుండానే.

పేపర్లు పూర్తవగానే ఫ్లైట్. మీ పాప నిన్ను మొదటిసారి చూస్తుంది భాయ్.

తలుపు సంగతి ఇక వాళ్లు చూసుకుంటారు. నువ్వు మీ ఊరి మట్టిలో నిమ్మళంగా పడుకో.