గోడ చూడకుండా చెప్పిన ధైర్యం

2022 వానకాలం. శాలిబండలోని ఓ చిన్న మానసిక వైద్య క్లినిక్‌లో కౌన్సిలర్‌గా నాకు తొమ్మిదో ఏడు. మన పని మనకు పూర్తిగా వచ్చేసిందనిపించే రోజులవి.

లాల్‌దర్వాజాలో పూలమ్మే యాదమ్మను ఆమె భర్త బాలయ్య తీసుకొచ్చాడు. నెల కిందటి వానకు వాళ్ల అద్దె ఇంటి వెనక గోడ సగం కూలింది. యాదమ్మ ఆ మట్టిపెళ్లల కింద గంటసేపు ఇరుక్కుపోయింది. దెబ్బలు మానాయి గానీ కల వదల్లేదు. కన్ను మూస్తే గోడ మీదికొచ్చేది, అరుస్తూ లేచేది. నిద్రలేక రెండుసార్లు బజార్లో కళ్లు తిరిగి పడిపోయింది.

“గిట్లనే ఉంటె సచ్చిపోత మేడం,” అంది.

మా ఫారంలో ‘సేఫ్ ప్లేస్’ అని ఓ గడి ఉంటుంది. మనిషి ఇప్పుడు క్షేమమైన చోట ఉందా లేదా అని అడగాలి. ఎక్కడుంటున్నారన్నాను. “మా ఇంట్లనే,” అంది. టిక్ పెట్టేశాను.

ఇలాంటి కలలకు ‘ఇమేజరీ రిహార్సల్’ అనే పద్ధతి ఉంది. మెలకువలో ఆ కలకు మరో ముగింపు కల్పించుకుని, రోజూ కాసేపు మనసులో నడిపించుకోవాలి. గోడ గట్టిగా నిలబడినట్టు ఊహించుకోమన్నాను. ప్రతిసారీ ఆమె సరిగ్గా అక్కడే ఆగిపోయేది. మొండిఘటం అనుకున్నాను.

“ఇప్పుడు మీకేం భయం లేదమ్మా,” అన్నాను నాలుగోసారి వచ్చినప్పుడు.

ఆమె నా మొహంలోకి చూసింది. “ఆ గోడను మీరు సూసిన్రా మేడం?”

చూడలేదు. సిగ్గేసింది. మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను.

కూలిన చోట టార్పాలిన్ కట్టారు. మిగిలిన సగం గోడ పొట్ట ఉబ్బి ఉంది. పగులు మీద అమ్మవారి పటం. దాని కిందే యాదమ్మ మంచం!

ఇల్లెందుకు మారలేదని బాలయ్య మీదికి లేచాను.

“ఆషాఢంల ఇల్లు మారుతరా మేడం? శ్రావణం రానీ. అందాక అమ్మనే సూస్కుంటది.”

వేరే ఇల్లు మాట్లాడే పెట్టాడు. అతనిది నిర్లక్ష్యం కాదు, భార్యకు మరో కీడు రాకూడదన్న పట్టింపు. పట్టింపుతో పోట్లాడి గెలిచినవాళ్లను నేను చూడలేదు. దగ్గర్లో చుట్టాలెవరైనా ఉన్నారా అని అడిగాను. తన చెల్లెలిల్లు పక్క గల్లీలోనే అన్నాడు.

“బోనాల పండుగకు చెల్లె ఇంటికి పోయేతందుకు గూడ ముహూర్తం చూస్తరా?”

బాలయ్య గడ్డం గోక్కుని నవ్వాడు. “చుట్టం లెక్క పోతె తప్పేముంటది!”

పండుగకు ఆడబిడ్డ పుట్టింటికి రావడం ఆచారం. వీళ్లు తిరగేసి, ఆ సాయంత్రమే చాపా దుప్పటీ పట్టుకుని ఆడబిడ్డ ఇంటికి వెళ్లారు. సామానూ, దేవుడి పటాలూ కదల్చలేదు కనుక ఇల్లు మారినట్టు కాదు.

వారం తర్వాత యాదమ్మ కలకు కొత్త ముగింపు తనే చెప్పింది. “గోడ పడుతది మేడం. పడనీ. నేను బయట నిలబడి సూస్త.” నేను చెప్పినదానికన్నా అదే నయం. కలలు ఒక్కసారిగా పోలేదు గానీ, పలచబడ్డాయి.

శ్రావణం రావడానికి ఇంకా నాలుగు రోజులుందనగా మళ్లీ వచ్చింది.

“మొన్న రాత్రి వానకు గోడ మొత్తం పడ్డది మేడం. మంచం తుక్కుతుక్కయింది.”

ఆ కలలు మళ్లీ మొదలై, చేసిందంతా పోయిందనుకున్నాను. మరి మీకెలా ఉందని అడిగాను.

“పొద్దుగాల లేసినంక చెప్పిన్రు. నాకు ఎరుకనే లేదు. మస్తు నిద్రల ఉన్న.”

భయపడే మనిషికి ధైర్యం చెప్పడానికి ఇప్పుడు నేను తొందరపడను. ముందు చెప్పులేసుకుని వెళ్లి, గోడ చూసి వస్తాను.